అడవిని కొనడం ఒకెత్తు, మళ్ళీ అమ్మకుండా ఆపడం ఒకెత్తు

పోయిన నెల మా వాట్సాప్ గ్రూపులో ఒకతను ఒక పీడీఎఫ్ పెట్టాడు. ఇక్కడ ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఏటి ఒడ్డున, కొండవాలు మీదున్న పాత అడవి ముక్క అమ్మకానికొచ్చింది. కింద మెసేజి, "అన్నా, నలుగురం కలిస్తే ఒక్కొక్కళ్ళకి ఎంత పడుద్ది?" అని. గంట తిరిగేసరికి గ్రూపంతా అదే గోల. బ్యాంకు లోనిస్తుందా అని ఒకరు, ముక్కలు చేసి మనవాళ్ళకే అమ్ముకోవచ్చు కదా అని ఇంకొకరు. ఇక్కడ కలప తోట నడిపి కలప అమ్మితే ఆ ఆదాయం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదన్న సంగతి కూడా అప్పటికే ఎవరో పట్టేశారు. హైదరాబాద్ చుట్టుపక్కల శ్రీగంధం మొక్కలతో ఫార్మ్ ప్లాట్లు కొన్నవాళ్ళు ఆ గ్రూపులో ఉన్నారు కాబట్టి వాళ్ళకిదేమీ వింత కాదు, నేను వాళ్ళని తప్పూ పట్టట్లేదు. అమ్మేవాడు అమ్ముతుంటే కొనేవాడు లెక్క చూసుకుంటాడు.

నాకు మాత్రం ఆ పీడీఎఫ్ చదువుతుంటే కడుపులో ఏదో దేవినట్టయింది. మ్యాపు మీద ఎర్ర గీత గీశారు, ఆ గీత అడవి చుట్టూ తిరిగి ఏటి దగ్గరికొచ్చి ఒడ్డున ఆగలేదు, నీళ్ళ మధ్య దాకా వెళ్ళి అక్కణ్ణుంచి ఏటి వెంట పోయింది. ఇక్కడి చట్టంలో అంతే, ఒడ్డు ఎవరిదైతే ఏటి అడుగు భాగం సగం దాకా వాళ్ళదే. చేపలు పట్టే హక్కు ఈ ఒడ్డు వరకు కలిపి అమ్ముతున్నారు, భూమి కిందున్న ఖనిజాల హక్కు వేరేవాళ్ళ దగ్గరుంది, వేట హక్కు వస్తుంది. ఓక్ చెట్లు ఏ వయసువి ఎన్ని ఎకరాల్లో ఉన్నాయో పట్టిక. ఆ చివర చిన్న అక్షరాల్లో, అడవి గుండా పబ్లిక్ నడిచే దారి ఒకటుంది, కొనేవాళ్ళు గమనించాలి అని. వందల ఏళ్ళుగా జనం నడిచిన దారిని ఆస్తికున్న లోపంలా రాశారు.

గోదావరి జిల్లాలో పుట్టిన నాకు అడవి అంటే సర్కారుది, కాకపోతే అందులో ఉండేవాళ్ళది. రిజర్వు ఫారెస్టుకి బ్రోషర్ వెయ్యడం అనేది మన ఊహకే రాదు. ఇక్కడ నూటికి డెబ్బై వంతుల పైన అడవి ప్రైవేటు చేతుల్లోనే ఉంది, పొలం లాగా, ఇల్లు లాగా చేతులు మారుతుంది. మరి చేతులు మారే అడవి అడవిగా ఎలా మిగులుతుంది అన్నదే అప్పట్నుంచి నా బుర్రలో తిరుగుతోంది. చందాలేసుకుని కొనేస్తే సరిపోతుందని ఇక్కడి స్నేహితులంటారు. నాకు అది సగం పనిలా కనపడుతోంది, ఎందుకో చెప్తా.

ఫింగిల్‌లో జరిగింది

మాకు దగ్గర్లో ఉన్న ఉదాహరణే తీసుకుంటా. డార్ట్‌మూర్ అనే కొండబీళ్ళ ఈశాన్య అంచున టీన్ అనే నది లోతైన లోయలో పారుతుంది. అక్కడ మూడు కమానుల పాత రాతి వంతెన ఉంది, ఫింగిల్ బ్రిడ్జి, 17వ శతాబ్దం నాటిది, గుర్రాల మీద సరుకు వేసుకుపోయేవాళ్ళ కోసం కట్టింది. లోయకి ఎగువన ఒక పక్క క్యాసిల్ డ్రోగో అనే కోటలాంటి భవనం, ఇంకో పక్క వరసగా ఇనుపయుగం నాటి కొండకోటలు. వాటి కింద ఏటి దాకా దిగే అడవిని ఇప్పుడు ఫింగిల్ వుడ్స్ అంటున్నారు, దాదాపు 825 ఎకరాలు. 2013లో వుడ్‌ల్యాండ్ ట్రస్టు, నేషనల్ ట్రస్టు అనే రెండు స్వచ్ఛంద సంస్థలు కలిసి దీన్ని కొన్నాయి, కొనడానికీ బాగుచెయ్యడానికీ కలిపి 50 లక్షల పౌండ్ల లక్ష్యం పెట్టుకుని జనాన్ని చందాలడిగాయి.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే ఒక పెద్ద వయసు వాలంటీర్ కలిశాడు. వాలు మీద నడుస్తూ ఒక చోట ఆగి, ఇక్కడ నేల ఎందుకు చదునుగా ఉందో చెప్పు చూద్దాం అన్నాడు. చుట్టూ నిట్టనిలువు వాలు, మధ్యలో మంచం పట్టేకన్నా కొంచెం ఎక్కువ గుండ్రటి చదును. బూటుతో పైనున్న ఆకుల పొరని జరిపాడు, కింద మట్టి కాటుకలాగా నల్లగా ఉంది, వేళ్ళతో నలిపితే చిన్న చిన్న బొగ్గు పలుకులు. బొగ్గు కాల్చినవాళ్ళ బట్టీ అది. ఓక్ చెట్టుని మొదట్లో నరికేవాళ్ళు, మోడు నుంచి మళ్ళీ పిలకలొచ్చేవి, ఇరవై ముప్ఫై ఏళ్ళకి మళ్ళీ నరికేవాళ్ళు. బెరడు తోళ్ళు ఊనేవాళ్ళకి, కట్టె బొగ్గుకి. అలా వందల ఏళ్ళు నరుకుతూనే అడవిని అడవిగా ఉంచారు. ఇంగ్లండ్‌లో 1600 కన్నా ముందు నుంచీ ఎడతెగకుండా అడవిగా ఉన్నదాన్నే ప్రాచీన అడవి అంటారు, అలాంటిది ఇప్పుడు బ్రిటన్ నేలలో నూటికి రెండున్నర వంతులే మిగిలింది.

మరి పాడైందెప్పుడూ అంటే, నరికినప్పుడు కాదు, నాటినప్పుడు. మొదటి ప్రపంచయుద్ధంలో కలపకి కటకటలాడి, 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పెట్టి, దేశమంతా తొందరగా పెరిగే చెట్లు నాటమన్నారు. ఫింగిల్‌లో కూడా ఓక్ తీసేసి డగ్లస్ ఫర్, స్ప్రూస్, లార్చ్ లాంటి సూదాకుల చెట్లు నాటారు. ఆ చెట్ల కింద నిలబడితే మధ్యాహ్నం కూడా మసకగా ఉంటుంది, కింద సూదుల్లాంటి ఎండుటాకులు తప్ప పచ్చ అన్నది ఉండదు. వాటిని ఒక్కసారిగా కొట్టేస్తే అంతకాలం చీకట్లో తలదాచుకున్న మొక్కలు ఎండకి తట్టుకోలేవు, ముళ్ళకంప కమ్మేస్తుంది. అందుకని కొంచెం కొంచెంగా పలచన చేస్తూ వెలుతురు దించుతున్నారు. పలచన చేసిన చోట దారి పక్కన అడవి చీమల పుట్టలు చూశా, ఎండుటాకుల సూదులన్నీ పోగేసి మోకాలెత్తు కట్టుకున్నాయి, చెవి దగ్గరగా పెడితే సన్నగా చిటపటమని శబ్దం. ఈ పని ఎన్నేళ్ళు పడుతుందండీ అంటే ఆ పెద్దాయన, నా మనవలకి కూడా పనుంటుంది అన్నాడు.

మనవల కాలం దాకా పట్టే పని అన్నాక, ఆ నేల యజమాని అన్నాళ్ళూ మారకుండా ఉండాలి కదా. నా వాదన మొత్తం ఆ మాట చుట్టూనే.

చందాల మీద నాకున్న గింజులాట

చందాలేసి అడవిని కొనడం మంచిపనే, నేనూ వేశాను. కానీ లెక్క చూస్తే మనసు ఒప్పుకోదు. యుద్ధాల తర్వాత ఇలాంటి చెట్లు నాటమని ప్రైవేటు యజమానులకి గవర్నమెంటు గ్రాంట్లు ఇచ్చింది, అంటే చాలాచోట్ల జనం డబ్బుతోనే పాత అడవి పోయింది. ఇప్పుడు దాన్ని కొనడానికి జనమే డబ్బులెయ్యాలి, కొన్నాక ఆ నాటినవి తీయడానికీ జనమే వెయ్యాలి. మూడుసార్లూ జేబు ఒకరిదే. పైగా ఒక అడవి మీద జనానికి ప్రేముందని తెలిసిన మరుక్షణం అమ్మేవాడికి ధర దించే అవసరం ఉండదు. ప్రేమ ఎక్కువున్నచోట రేటెక్కువ, ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

దీనికి మా ఆఫీసులో ఒకాయన గట్టి జవాబిచ్చాడు. ఆయనకి నాలుగెకరాల చిన్న అడవుంది, పెద్ద అడవిని ఎవరో కంపెనీవాళ్ళు కొని ముక్కలు చేసి అమ్మితే ఒక ముక్క ఈయన కొన్నాడు. చలికాలమంతా శనాదివారాలు అక్కడే, హేజెల్ చెట్ల మోళ్ళు వంతులవారీగా కొడతాడు, గుడ్లగూబలకి పెట్టెలు కడతాడు. "మీ ట్రస్టు వాళ్ళకన్నా నాకు నా అడవిలో ప్రతి చెట్టూ తెలుసు" అన్నాడు, అది నిజం కూడా. ప్రైవేటు అనగానే పాడుచేసేవాడని అనుకోవడం అన్యాయం, చెట్లు కొట్టాలంటే ఇక్కడ లైసెన్సు కావాలి, మూడు నెలలకి అయిదు ఘనపు మీటర్ల దాకానే అడక్కుండా కొట్టుకోవచ్చు. తర్వాత మాటల్లో మీ పిల్లలకి ఇంటరెస్ట్ ఉందా అని అడిగా. కాసేపు ఆగి, వాళ్ళు అమ్మేస్తార్లే, ఒకడు లండన్‌లో ఒకతె కెనడాలో, వాళ్ళేం చేసుకుంటారు అన్నాడు. మంచి యజమాని దొరికినా మనిషి ఆయుష్షు దాకానే. ఓక్ చెట్టుకి మూడు నాలుగు వందల ఏళ్ళు మామూలు విషయం, అంతకాలంలో అడవి ఎన్ని చేతులు మారుతుందో, అందులో ఒక్క చెయ్యి చెడ్డదైతే చాలు.

ముక్కలు చేసి అమ్మడంలో ఇంకో ఇబ్బందుంది. ఒక్కో ముక్కకీ ఒక్కో గేటు వస్తుంది, ఒక్కో 'ప్రైవేట్' బోర్డు వస్తుంది. ఇంగ్లండ్‌లో కొండల మీద, బీళ్ళ మీద జనం స్వేచ్ఛగా తిరగొచ్చని 2000లో చట్టం చేశారు గానీ అందులో అడవుల్ని కలపలేదు. యజమాని తనంతట తాను రాసిస్తే తప్ప గుర్తింపు ఉన్న దారి దాటి పక్కకి అడుగేసే హక్కు లేదు. అందుకే బ్రోషర్‌లో ఆ నడిచే దారి అంత చిన్న అక్షరాల్లో ఉంది.

అమ్మలేని హక్కు

నేషనల్ ట్రస్టు 1895లో పుట్టింది. 1907లో వాళ్ళకోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. ట్రస్టు తన భూమిని 'ఇక అమ్మకూడనిది' అని ప్రకటిస్తే, తర్వాత ఆ ట్రస్టే మనసు మార్చుకున్నా అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు, గవర్నమెంటు బలవంతంగా తీసుకోవాలన్నా ట్రస్టు అభ్యంతరం చెప్తే పార్లమెంటు దాకా వెళ్ళాలి. నాకు ఈ దేశంలో బాగా నచ్చిన చట్టాల్లో ఇదొకటి. ఎందుకంటే ఇది బయటివాడి నుంచే కాదు, రేపటి తన నుంచి కూడా కాపాడుతుంది. ఇవ్వాళ కమిటీలో మంచివాళ్ళున్నారు, ముప్ఫై ఏళ్ళ తర్వాత అప్పుల్లో పడ్డ కమిటీ ఏం చేస్తుందో ఎవరికి తెలుసు.

వుడ్‌ల్యాండ్ ట్రస్టుకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 1972లో డెవన్‌లోనే పుట్టిన సంస్థ అది, మొదట కొన్నది కూడా ఏటి ఒడ్డు అడవే, కింగ్స్‌బ్రిడ్జ్ దగ్గర ఏవన్ లోయలో. ఇప్పుడు దేశమంతా వెయ్యికి పైగా అడవులున్నాయి వాళ్ళకి, వాళ్ళ పని మీద నాకు గౌరవముంది. కానీ చందా వేసేటప్పుడు నాకు కావలసింది గౌరవం మీద నిలబడే హామీ కాదు, కాగితం మీద నిలబడే హామీ.

ఈ మాట అంటే నా భార్య వెంటనే, మరి డీన్ వాళ్ళ సంగతేంటి అంది. తను అడిగింది సరైన ప్రశ్న. వై, సెవర్న్ నదుల మధ్యనున్న ఫారెస్ట్ ఆఫ్ డీన్ సర్కారు అడవి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ అడవుల్ని వదిలించుకుందామని 2010 చివర్లో అప్పటి గవర్నమెంటు బిల్లు తెచ్చింది. డీన్‌ని అమ్మకూడదని 1981 చట్టంలో ప్రత్యేకంగా రాసుంది, ఆ రక్షణ కూడా కొత్త బిల్లుతో పోయేది. 2011 జనవరిలో ఆ అడవి మధ్యనున్న స్పీచ్ హౌస్ అనే పాత భవనం దగ్గర చలిలో వేలమంది పోగయ్యారు. దేశమంతా పెట్టిన పిటిషన్ మీద అయిదు లక్షల పైన సంతకాలు. ఫిబ్రవరిలో మంత్రి కారొలైన్ స్పెల్మన్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. ఇందులో గమనించాల్సిందేంటంటే, డీన్ లాంటి పేరున్న అడవుల్ని కంపెనీలకి కాదు, ట్రస్టులకి ఇస్తామనే గవర్నమెంటు అంది. అయినా డీన్ వాళ్ళు వద్దన్నారు.

ఎందుకంటే అక్కడి జనానికి ఆ అడవితో బంధం చందాది కాదు. సెయింట్ బ్రియవెల్స్ హద్దుల్లో పుట్టి, ఇరవై ఒక్కేళ్ళు నిండి, గనిలో ఒక సంవత్సరం ఒక రోజు పనిచేసినవాడికి అక్కడ సొంతంగా బొగ్గు తవ్వుకునే హక్కు వందల ఏళ్ళుగా ఉంది. గొర్రెలు తోలుకునేవాళ్ళు ఇప్పటికీ అడవిలోకి తోలుకుంటారు. ట్రస్టుకి మెంబర్‌షిప్ కార్డు, కార్ పార్కు టికెట్టు, పద్ధతైన బోర్డులు ఉంటాయి. వాళ్ళకి కావలసింది అది కాదు. నా వాదనలో బలహీనమైన చోటు ఇదే. 'అమ్మకూడదు' అని తాళం వేస్తే, ఆ తాళం లోపలున్నవాళ్ళ మీద కూడా పడొచ్చు. పైగా 1981లో రాసిన 'అమ్మకూడదు'ని 2010లో ఇంకో బిల్లు చెరిపెయ్యబోయింది, చట్టం దానంతటది నిలబడలేదు, జనం అడ్డం నిలబడితే నిలబడింది.

మన 1/70

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ గొప్ప అనుకోనక్కర్లేదు. అమ్మలేని భూమి అన్న ఆలోచన మనకి ఇంకా గట్టిగా ఉంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని 1/70 చట్టం చెప్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగేసి, ప్రభుత్వం కూడా అక్కడ ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులివ్వకూడదంది. బొర్రా దగ్గర గ్రామాల నుంచి వచ్చిన కేసది. బినామీలతో 1/70కి ఎన్ని తూట్లు పడ్డాయో ఏజెన్సీలో ఉద్యోగం చేసిన ఎవరినడిగినా చెప్తారు. అయినా ఆ చట్టమే లేకపోతే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు పొడవునా ఈపాటికి ఎన్ని రిసార్టు వెంచర్లుండేవో ఊహించుకోవచ్చు.

కానీ 1/70 ఆపలేనిది ఒకటుంది. దేవీపట్నం వైపు, పాపికొండల కింద, గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్ళలో భూమి ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. పోలవరం కోసం ప్రభుత్వమే తీసుకుంది. మా పెద్దమ్మ వాళ్ళతో చిన్నప్పుడు గండి పోచమ్మ గుడికి లాంచీలో వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు వరదొస్తే చాలు గుడి మునుగుతుంది, చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ. ఇక్కడ కూడా హెచ్‌ఎస్2 రైలు కోసం ప్రాచీన అడవులు కొట్టేశారు. అమ్మకానికి వేసే తాళం స్వాధీనానికి పనిచెయ్యదు, ఈ తేడా మర్చిపోయి మాట్లాడితే నా వాదన అబద్ధమవుతుంది.

2025లో కంచ గచ్చిబౌలిలో చూశాం కదా, నాలుగొందల ఎకరాల విషయంలో అమ్మకందారు ప్రభుత్వమే. జేసీబీలు దిగాక విద్యార్థులు అడ్డం పడితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. అది ఏటి ఒడ్డు కాదు, రికార్డుల్లో అడవా కాదా అన్నదే గొడవ. అయినా డీన్‌కీ దానికీ పోలిక నాకు కొట్టొచ్చినట్టు కనపడింది. రెండు చోట్లా జనం వెళ్ళింది అమ్మే ప్రయత్నం మొదలయ్యాకే, ముందే అడ్డుపడే ఏర్పాటు ఏదీ బలంగా లేదు.

కాబట్టి అడగాల్సింది ఏంటంటే

స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం ఊరివాళ్ళు ముందే రిజిస్టర్ చేసుకుంటే, ఆ భూమి అమ్మకానికొచ్చినప్పుడు మొదట కొనే హక్కు వాళ్ళకుంటుంది. లాంగ్‌హోమ్ ఊరివాళ్ళు తమ పక్కనున్న బీళ్ళూ లోయా యజమానితో బేరమాడి రెండు విడతల్లో పదివేల ఎకరాలు కొనుక్కున్నారు. ఇంగ్లండ్‌లో 2011 చట్టం ఊరివాళ్ళకిచ్చింది ఆర్నెల్ల గడువు మాత్రమే, ఆ గడువయ్యాక యజమాని ఎవరికైనా అమ్ముకోవచ్చు, వీళ్ళకి అమ్మక్కర్లేదు. ఆర్నెల్లలో కోట్లు పోగుచెయ్యడం ఏ చిన్న ఊరివల్ల అవుతుంది?

అయితే ఈమధ్య నేను చదివిన వాటిలో ఆశ కలిగించింది ఇంకోటుంది. 2021 పర్యావరణ చట్టంలో 'కన్జర్వేషన్ కోవెనంట్' అని ఒక ఏర్పాటు పెట్టారు, 2022 సెప్టెంబర్ చివర్నుంచి అమల్లో ఉంది. యజమాని, గుర్తింపున్న ఒక సంస్థతో ఒప్పందం రాసుకుంటాడు, ఈ అడవి ఓక్ అడవిగానే ఉండాలి, ఏటి ఒడ్డున ఇంత దూరం వరకు ఏమీ కట్టకూడదు, ఇలా. ఆ ఒప్పందం ఆయనతో పోదు, భూమితో ఉంటుంది, తర్వాత ఎవరు కొన్నా కట్టుబడాల్సిందే. అంటే యజమాని మారొచ్చు, అడవి మారదు. మా ఆఫీసాయన లాంటివాళ్ళకి సరిగ్గా సరిపోయే కాగితం ఇది. ఆయనకి ఈ సంగతి చెప్తే లింకు పంపమన్నాడు, ఇంకా ఏమీ తేల్చలేదు. ఉల్లంఘిస్తే కోర్టుకెళ్ళే ఓపిక ఆ సంస్థకి ఉంటుందా అన్న భయం నాకూ ఉంది, గట్టిగా పరీక్షకి నిలబడ్డ ఒప్పందాలు ఇంకా చూడాలి.

దీని దెబ్బకి భూమి ధర తగ్గుతుంది, అందుకే యజమానులు వెనకాడతారు. నా ఉద్దేశంలో చందాలెత్తాల్సింది ఆ తగ్గే మొత్తానికి. మొత్తం అడవిని మార్కెట్ రేటుకి కొనాలంటే ఫింగిల్ లాంటివి ఎన్ని కొనగలం? అదే అమ్మేవాడికి, ముందు ఈ ఒప్పందం రాసి, నడిచే దారినీ ఒడ్డునీ జనానికి వదిలి, ఆ తర్వాత నీకు నచ్చినవాడికి అమ్ముకో, దానివల్ల నీకు తగ్గినది మేమిస్తాం అంటే, అదే డబ్బుతో ఎన్నో అడవులకి హామీ దొరుకుతుంది. మా గ్రూపులో వచ్చిన ఆ అడవిని అమ్ముతున్న ఏజెంటుకి ఇదే విషయం అడుగుతూ ఈమెయిల్ పెట్టాను. అమ్మే కుటుంబానికి చూపిస్తామన్నారు. వాళ్ళు ఒప్పుకుంటే తేడా డబ్బు ఎంతవుతుందో ఒక వాల్యుయర్ చేత లెక్క కట్టించాలి, దానికయ్యే ఫీజు నేను పెట్టుకుంటా, ఆ తర్వాత గ్రూపులో వాళ్ళనే కాదు, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరినీ అడుగుతా.